డిక్కీలో మాస్టారు

డ్రైవింగ్ మాస్టారి కారు పగలంతా గుర్రంలా పరుగెత్తేది, తెల్లారేసరికి కట్టెలా బిగుసుకుపోయేది. తాళం తిప్పితే టిక్కుమనేది, అంతే. ఆ టిక్కు తర్వాతి నిశ్శబ్దంలో మాస్టారికి తన పరువు పోతున్న చప్పుడు స్పష్టంగా వినిపించేది. ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పిన మనిషి పొద్దున్నే సొంత బండిని తోసుకుంటూ వీధిలోకి రావడమంటే మాటలా!

తోసేవాళ్ళకు మాత్రం కొదవలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళే తోసేవారు. అదే మొదటి పాఠమనుకున్నారు కొందరు. కొత్తగా చేరిన ఫొటోగ్రాఫరైతే వారం పొడుగునా ఒళ్ళు దాచుకోకుండా తోసి, "మాస్టారూ, నాకు తోయడం వచ్చేసినట్టే. ఇంక లోపల కూర్చోవచ్చా?" అని అడిగాడు, పాపం.

కార్లకు కరెంటు పనులు చేసే మెకానిక్కు వచ్చి కొత్త బ్యాటరీ వేశాడు. మర్నాటికి అదీ చచ్చింది. "కొత్తది కదండీ, ఇంటికి అలవాటు పడాలి," అన్నాడు. ఊడదీసి తీసుకెళ్ళి, చార్జింగు పెట్టి, మీటరుతో చూసి, "బ్యాటరీ బంగారం," అని తెచ్చి పెట్టాడు. బంగారం మళ్ళీ తెల్లారేసరికి ఇత్తడైంది. "బండి ఆపేశాక కూడా ఏదో కరెంటు తాగేస్తోంది మాస్టారూ," అన్నాడు చివరికి, బానెట్ లోంచి తల ఎత్తకుండానే.

"ఏది తాగుతోందయ్యా?"

"అది తెలిస్తే ఇంకేముంది!"

మెకానిక్కు ఎన్నిసార్లు వచ్చినా తల బానెట్లోనే పెట్టేవాడు. బండికి వెనక భాగమొకటుందన్న సంగతి అతనికి పట్టలేదు. మాస్టారికీ పట్టలేదు. ఆయన రోజూ చీకటి పడకముందే బండిని వెనక్కి నడిపి, గోడకు ఆనించినట్టుగా నిలబెట్టి, పైనుంచి చక్రాల దాకా మందపాటి గుడ్డ కప్పేవాడు. పసిపిల్లకు దుప్పటి కప్పినట్టు అంచులు కూడా లోపలికి దోపేవాడు. తర్వాత లోపల ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి.

ఇలాంటి సమయంలో బావమరిది రంగంలోకి దిగాడు.

బావమరిదిది ఫ్రిజ్‌ల రిపేరు. బండి నడపడం రాదు, లైసెన్సు లేదు, కాని బళ్ళ గురించి అతనికి తెలియని విషయమంటూ లేదు. వచ్చీరాగానే ఫ్యూజులన్నీ ఒక్కొక్కటే పీకి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"మీటరుతో చూడాలి కదరా," అన్నాడు మాస్టారు.

"మీటరెందుకు బావా? పాడైన ఫ్యూజు గొణుగుతుంది. అనుభవం ఉన్న చెవికి తెలిసిపోతుంది."

ఏదీ గొణగలేదు. పీకినవాటిని మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టానన్నాడు. అప్పట్నుంచి రేడియో మూగబోయింది, వైపర్లు మాత్రం ఎవరూ అడక్కపోయినా ఊగడం మొదలెట్టాయి. ఆ మూగ రేడియోని బాగుచేస్తానని వెనక సీటు వెనకాలున్న స్పీకర్లు రెండూ ఊడదీసి పట్టుకుపోయాడు. వాటి స్థానంలో రెండు గుండ్రటి కన్నాలు మిగిలాయి.

ఆ రోజు లైబ్రేరియన్‌గారి డ్రైవింగ్ టెస్టు. పొద్దున్నే బండి యథాప్రకారం టిక్కుమంది. ఎదురింటి బేకరీ వ్యాను బయల్దేరబోతుంటే మాస్టారు అడ్డం పడి, దాని బ్యాటరీకీ దీనికీ వైర్లు తగిలించి, ఎలాగో ఇంజిను లేపాడు. వ్యాను దాని దారిన అది పోయింది. "టెస్టు అయ్యేదాకా దీన్ని ఆపకూడదు. ఆగిందంటే మళ్ళీ లేవదు," అన్నాడు మాస్టారు చెమట తుడుచుకుంటూ.

అదే అదను అనుకున్నాడు బావమరిది.

"బావా, నాకు రాత్రంతా నిద్ర లేదు. డిక్కీలో ఓ చిన్న బల్బు ఉంది కదా. డిక్కీ తెరిస్తే వెలుగుతుంది. మరి మూస్తే ఆరుతుందా?"

"ఆరుతుంది."

"నువ్వు చూశావా?"

మాస్టారు డిక్కీ వైపు తిరిగాడు.

"చూడలేదు! ఎవరూ చూడరు! ఫ్రిజ్ తలుపు మూశాక లోపల లైటు ఆరుతుందా లేదా అన్నదాని మీద మా వృత్తిలో తలలు పండినవాళ్ళు కొట్టుకు చచ్చారు. తలుపు దగ్గర చిన్న బొత్తాం ఉంటుంది. అది నొక్కుకుంటేనే ఆరుతుంది. నొక్కుకోకపోతే లోపల రాత్రంతా దీపావళే. నీ బ్యాటరీని తాగుతున్నది అదే!"

ముందు మాస్టారి భార్య ఫోను వీడియో పెట్టి డిక్కీలో ఉంచారు. తీసి చూస్తే అందులో బావమరిది ముక్కుపుటాలు, ఆ తర్వాత చాలాసేపు స్టెప్నీ టైరు అడుగుభాగం కనిపించాయి.

"ఇలా లాభం లేదు. మనిషి దూరాలి," అన్నాడు బావమరిది. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బావమరిది పొట్ట సైజుకు డిక్కీ చాలదు. ఆవిడ "నన్ను చంపినా దూరను," అని చేతులు కట్టుకుంది. మాస్టారు పొడుగ్గా, సన్నగా, మడత మంచంలా ఉంటాడు. మడవడానికి వీలుగా ఉన్న మనిషి ఆయనొక్కడే.

దూరాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. డిక్కీ ధడాలున మూసుకుంది.

"ఆరింది!" అని లోపల్నుంచి కేక. "ఆరిందిరా! బల్బు తప్పేం లేదు. తెరువు!"

డిక్కీ తెరవడానికి డ్రైవరు సీటు పక్కన ఒక పిడి ఉంటుంది. తాళం కన్నం ఎప్పుడో తుప్పు పట్టి పూడిపోయింది కనుక ఆ పిడే గతి. బావమరిది లోపలికి వంగి దాన్ని లాగాడు. గట్టిగా లాగాడు. పిడి చేతిలోకి వచ్చేసింది, దాని వెనకాలే తెగిన తీగ ముక్క కూడా.

"బావా," అన్నాడు మెల్లగా, స్పీకరు కన్నం దగ్గర నోరు పెట్టి, "కంగారు పడనంటే ఒకటి చెప్తాను."

మాస్టారు తల ఎత్తబోయి రేకుకు కొట్టుకున్నాడు. "ఏం పీకావురా?"

"నేను పీకలేదు, అదే వచ్చింది."

మాస్టారి భార్య ఇంకో స్పీకరు కన్నం దగ్గరికి చేరింది. "ఏవండీ, గాలి ఆడుతోందా?"

"గాలికేం, ఇంట్లోకంటే బానే ఉంది. ముందు నన్ను బయటికి లాగండి!"

వెనక సీటు ఊడదీద్దామంటే బోల్టులు కదల్లేదు. మెకానిక్కుకు ఫోను చేస్తే, "బండి ఇక్కడికి తెచ్చేయండి, క్షణంలో తీసేస్తా," అన్నాడు. అతని షెడ్డు టెస్టు మైదానం గేటుకు ఎదురుగానే ఉంది. తేవడమంటే ఎవరు తేవాలి? బావమరిదికి రాదు. ఆవిడ పెళ్ళయిన కొత్తలో ఒక్కరోజు మొగుడి దగ్గర నేర్చుకుని, "మీ పక్కన కూర్చుని నడపడం కంటే మీతో విడాకులు తీసుకోవడం తేలిక," అని ఆ సీటుకు దణ్ణం పెట్టేసిన మనిషి.

సరిగ్గా అప్పుడే లైబ్రేరియన్‌గారు వచ్చారు. చేతిసంచీ గుండెకు హత్తుకుని, చెప్పుల చప్పుడు కాకుండా నడిచి వచ్చి, "మాస్టారు లేరాండీ?" అని గుసగుసగా అడిగారు.

జీవితమంతా "ష్" అంటూ గడిపిన మనిషి ఆవిడ. ఆవిడ గొంతు అరచేతి దూరం దాటి ఎవరూ వినలేదు. బండి అన్ని విధాలా చక్కగానే నడిపేవారు కాని, హారన్ మాత్రం కొట్టేవారు కాదు. "పాపం, ఎవరైనా ఉలిక్కిపడతారేమో," అనేవారు. దానికి మాస్టారి ఉపాయం తన కుడికాలే. నేర్పే బండి కదా, మాస్టారి సీటు ముందు కూడా ఒక బ్రేకు పెడలు ఉంటుంది. కిందనుంచి కడ్డీతో అవతలి బ్రేకుకి కలిపి ఉంటుంది. ఎవరు నడుపుతున్నా మాస్టారి కాలు ఆ పెడలు మీదే. మలుపొస్తే తొక్కు. కుక్కొస్తే తొక్కు. ఏమీ రాకపోతే, ఇదేంటి ఏమీ రావట్లేదే అని తొక్కు. లైబ్రేరియన్‌గారి పక్కన కూర్చున్నప్పుడైతే పెడలు మీద కాలు తీసిందే లేదు. ఆవిడ టెస్టు తప్పిన ప్రతిసారీ ఆ కాలు ఇంకాస్త బరువెక్కింది.

సంగతంతా విని ఆవిడ డిక్కీ దగ్గరికి వెళ్ళి వంగి, "నమస్కారం మాస్టారూ," అన్నారు.

"ఎవరూ? వినపడట్లేదు!"

"లైబ్రేరియన్‌గారు బావా, నమస్కారం అంటున్నారు," అని అందించాడు బావమరిది.

ఆవిడ కాసేపు ఆలోచించారు. రూలంటే రూలనే మనిషి ఆవిడ. "నేర్చుకునేవాళ్ళు నడిపేటప్పుడు లైసెన్సు ఉన్న మనిషి బండిలో ఉండాలని ఉంది. ఎక్కడ కూర్చోవాలో లేదు. మాస్టారు బండిలోనే ఉన్నారు కాబట్టి మనం వెళ్ళొచ్చు."

ఆవిడ స్టీరింగు పట్టుకున్నారు. మాస్టారి భార్య మొగుడి సీట్లో కూర్చుంది, కాళ్ళు ఎందుకైనా మంచిదని ఒక పక్కకి ముడుచుకుని. బావమరిది వెనక సీట్లో కన్నం పక్కన, ముందు మాట వెనక్కీ వెనక మాట ముందుకీ అందించే పనిలో కుదురుకున్నాడు. ఎండ కాస్తుంటే వైపర్లు ఊపుకుంటూ బండి కదిలింది.

లోపల మాస్టారి పరిస్థితి చెప్పనలవి కాదు. చీకటి. తల కింద జాకీ. అన్నిటినీ మించి, కాలి కింద పెడలు లేదు. బండి మలుపు తిరిగిన ప్రతిసారీ ఆయన కుడికాలు అలవాటు కొద్దీ సాగి స్టెప్నీని తన్నేది. బొటనవేలు వాచింది కాని బండి వేగం తగ్గలేదు.

కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక ఒక మూలనుంచి ఎర్రటి వెలుగు తన మోకాలి మీద పడుతున్నట్టు కనిపించింది. వెనక లైటు బిగించిన చోట రేకు సందులోంచి వస్తోంది. బ్రేకు లైటు. అంటే ఆవిడ బ్రేకు తొక్కుతున్నారు. సరే, తొక్కనీ. ఇంకాసేపు చూశాడు. వెలుగు పోలేదు. బండి చూస్తే జోరుగా పోతోంది.

"బ్రేకు మీద కాలు తీయమని చెప్పరా ఆవిడకి!"

"బ్రేకు మీద కాలు తీయమంటున్నారండీ."

"నా కాలు బ్రేకు మీద లేదండీ," అన్నారు లైబ్రేరియన్‌గారు, ఎప్పటి గొంతుతోనే.

"ఏమంటున్నారు?"

"లేదంటున్నారు బావా."

"అబద్ధం! ఇక్కడ ఎర్రగా వెలుగుతోంది! బ్రేకు తొక్కుతూ యాక్సిలరేటరు తొక్కితే బండి ఏమైపోవాలి? కాలు తీయమను!"

అందిస్తూ అందిస్తూ బావమరిది చెయ్యి తిప్పే భంగిమలు కూడా అందించసాగాడు. పక్కన ఆగిన స్కూటరు మనిషి, కారు డిక్కీ తిట్టడం, వెనక సీట్లో మనిషి చేతులు తిప్పడం చూసి, తన హెల్మెట్ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"కాలు తీయమంటే అర్థం కాదా అమ్మా!"

అప్పుడు జరిగింది అది. లైబ్రేరియన్‌గారు మెడ వెనక్కి తిప్పకుండా, కళ్ళు రోడ్డు మీదనుంచి తీయకుండా, గుండెల నిండా గాలి పీల్చుకుని, "నా కాలు బ్రేకు మీద లేదు మాస్టారూ!" అని ఒక్క కేక పెట్టారు.

ఫుట్‌పాత్ మీద వెళ్తున్నవాళ్ళు ఆగిపోయారు. బావమరిది కన్నం దగ్గర్నుంచి జరిగాడు. ఇక అతని అవసరం లేదు.

డిక్కీలో మాస్టారు స్టెప్నీని తన్నడం ఆపాడు. ఆ కేక అబద్ధం చెప్పే కేక కాదు. బ్రేకు మీదున్నది ఆవిడ కాలు కాదు. మరి ఎవరి కాలు?

"ఏమేవ్," అన్నాడు మాస్టారు, ఈసారి నెమ్మదిగా, "నీ కాళ్ళ దగ్గర పెడలు ఉందే, దాని మీద ఏమైనా పెట్టావా? సంచీ గాని?"

"నేనేం పెట్టలేదు. నా కాళ్ళు ఎక్కడో ఉన్నాయి." ఆవిడ కిందికి వంగి చూసింది. "కాని ఇదేంటండీ, ఒంగి కూర్చుంది. అవతలిది కూడా కొంచెం దిగే ఉంది."

"చెప్పు మొనతో పైకెత్తు."

ఎత్తింది. మాస్టారి మోకాలి మీద వెలుగు పోయింది.

"ఆరింది! వదులు!"

వదిలింది. పెడలు మెత్తగా కిందికి జారింది.

"వెలిగింది! మళ్ళీ ఎత్తు! ఆరింది! వదులు! వెలిగిందే! దొరికిందే దొంగ!"

ఎన్ని వారాల బెంగ! మాస్టారు ఆ ఇరుకులోనే నవ్వడం మొదలెట్టాడు. నవ్వుకీ నవ్వుకీ మధ్య అసలు సంగతి ఒక్కొక్క అంగుళమే తలకెక్కింది. పెడలుని పైకి లాగి ఉంచే స్ప్రింగు సాగిపోయింది. తను తొక్కీ తొక్కీ సాగదీసింది. అది సగం దిగి ఉండడంతో, తాళం తీసేసినా సరే, బ్రేకు లైట్లు గుడ్డ కింద, గోడ వైపు తిరిగి, రాత్రంతా ఎవరికీ కనబడకుండా వెలుగుతున్నాయి. పగలు వెలిగినా ఎవరికి అనుమానం వస్తుంది? డ్రైవింగ్ స్కూలు బండికి వెనక ఎర్ర లైటు వెలగకపోతే కదా వింత! ఇన్నాళ్ళూ బ్యాటరీని తాగేస్తున్నది ఎవరో కాదు, తన కుడికాలే. ఇంట్లో మంచమెక్కి పడుకున్నాక కూడా ఆ కాలు బండిలో బ్రేకు తొక్కుతూనే ఉందన్నమాట.

నవ్వు ఆగిపోయింది.

మాస్టారి భార్య తన జడకు పెట్టుకున్న రబ్బరు బ్యాండు లాగి, పెడలుని దానితో పైనున్న కమ్మీకి తగిలించింది. తొక్కితే దిగుతోంది, వదిలితే చటుక్కున పైకి వస్తోంది. జుట్టు మొహాన పడుతున్నా ఆవిడ మొహం వెలిగిపోయింది.

మెకానిక్కు షెడ్డు ముందు బండి ఆపీ ఆపకముందే మైదానం గేటు దగ్గర లైబ్రేరియన్‌గారి పేరు పిలిచారు. టెస్టు పెట్టే బ్రేకు ఇన్‌స్పెక్టరు అట్ట పట్టుకుని విసుగ్గా నిలబడి ఉన్నాడు.

"మాస్టారూ, ఏం చేయమంటారు?" అన్నారు ఆవిడ. గొంతు ఇంకా కిందికి దిగలేదు.

డిక్కీ తెరిపించుకునేలోపు వంతు దాటిపోతుంది. పోతే మళ్ళీ ఎన్నాళ్ళకో. "వెళ్ళండమ్మా," అన్నాడు మాస్టారు. "నేనెక్కడికీ పోను."

"ఎక్కడికి పోగలరు?" అంది భార్య. ఆవిడా బావమరిదీ దిగిపోయారు.

ఇన్‌స్పెక్టరు ఎక్కి మాస్టారి సీట్లో కూర్చున్నాడు. రబ్బరు బ్యాండు వైపు ఒకసారి, ఊగుతున్న వైపర్ల వైపు ఒకసారి చూసి, ఈ బండి సంగతి ముందే తెలుసు గనక, "పోనివ్వండి," అన్నాడు.

మాస్టారు ఎప్పుడూ టెస్టు సమయంలో కంచె అవతల నిలబడి, చేతులు ఊపి, కళ్ళు తిప్పి, "క్లచ్చు! క్లచ్చు!" అని పెదాలాడించి ఇన్‌స్పెక్టరు చేత నానా మాటలు పడేవాడు. ఇప్పుడు చెయ్యి ఊపడానికి చోటు లేదు, అరిస్తే ఆవిడ కొంప మునుగుతుంది. చొక్కా కాలరు నోట్లో కుక్కుకున్నాడు.

బండి కదిలింది. కుదుపు లేదు. గేరు పడిన చప్పుడు వెన్నలో కత్తి దిగినట్టుంది. మైదానం చివర గోడ చాటు మలుపు వస్తోందని ఒంటికి తెలిసింది. ఆవిడ ప్రతిసారీ తప్పేది అక్కడే. కొట్టు తల్లీ, హారన్ కొట్టు. కాలరు తడిసిపోయింది.

హారన్ మోగింది. అల్లాటప్పా మోత కాదు. గోడ మీది పావురాళ్ళు లేచిపోయాయి.

తర్వాత రివర్సు. డిక్కీ ముందుగా, అంటే మాస్టారే అందరికంటే ముందుగా, రెండు గుంజల మధ్యకి వెళ్తున్నాడు. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కుడికాలు సాగబోయింది. రెండు చేతులా పట్టి ఆపాడు. బండి దేనికీ తగలకుండా, కొలత పెట్టినట్టు ఆగింది. కళ్ళు తెరిచేసరికి మోకాలి మీద ఎర్ర వెలుగు పడి, వెంటనే ఆరింది.

ఇక ఉండబట్టలేక మాస్టారు చప్పట్లు కొట్టాడు.

ఇన్‌స్పెక్టరు పెన్ను ఆగింది. "ఎవరది?"

లైబ్రేరియన్‌గారికి అబద్ధం రాదు. "మా మాస్టారండీ."

"ఎక్కడ?"

"డిక్కీలో."

ఇన్‌స్పెక్టరు ఉద్యోగంలో మేకలతో వచ్చినవాళ్ళని చూశాడు, మంచాలతో వచ్చినవాళ్ళని చూశాడు. "ప్యాసింజరా, సామానా?" అన్నాడు చివరికి.

"అంటే?"

"ప్యాసింజరైతే బెల్టు పెట్టుకోలేదు కాబట్టి మీరు ఫెయిలు. సామానైతే ఇబ్బంది లేదు. కాని సామాను సలహాలివ్వకూడదు. ఇచ్చాడా?"

"ఒక్క మాట కూడా లేదండీ. చప్పట్లు మాత్రమే. అవీ బండి ఆగాకే."

"ఆయనా? ఒక్క మాట కూడా మాట్లాడలేదా?" ఇన్‌స్పెక్టరు నమ్మలేకపోయాడు. వెనక్కి తిరిగి, కన్నంలోకి, "మాస్టారూ! నిజమేనా?" అన్నాడు.

"సామానేనండీ!" అని వినిపించింది లోపల్నుంచి, కాలరు నమిలిన గొంతుతో. "నేను సామానే! ప్యాసింజర్ని కాదు!"

లైబ్రేరియన్‌గారు పాసయ్యారు. 'బరువుతో రివర్సు బాగుంది' అని పక్కన రాసి సంతకం పెట్టాడు ఇన్‌స్పెక్టరు.

మెకానిక్కు ఇనుప చువ్వతో డిక్కీ తెరిచేసరికి మాస్టారు మడతలు విప్పుకోవడానికి ఇద్దరు పట్టుకోవాల్సొచ్చింది. ఎండలో కళ్ళు చికిలించి, ఎదురుగా నిలబడ్డ లైబ్రేరియన్‌గారిని చూసి, ఏదో పెద్ద మాట అనబోయి, "హారన్ బాగా కొట్టారమ్మా," అన్నాడు.

"థాంక్సండీ!" అని అరిచారు ఆవిడ. షెడ్డులో ఒక రెంచి కిందపడింది.

మెకానిక్కు వెనక వైపుకి మొట్టమొదటిసారి వచ్చి, లైట్లు చూసి, రబ్బరు బ్యాండు చూసి, "ఇది బానే పట్టిందే!" అన్నాడు. అయినా మాస్టారి భార్య జడకి ఆ బ్యాండు కావాలి గనక, కొత్త స్ప్రింగు వేశాడు. మర్నాడు పొద్దున్న తాళం తిప్పీతిప్పగానే బండి భగ్గున లేచింది. తోయడానికి చొక్కా చేతులు మడుచుకుని వచ్చిన ఫొటోగ్రాఫరు చిన్నబుచ్చుకున్నాడు కూడా.

"ఎక్కవయ్యా, డ్రైవరు సీట్లో," అన్నాడు మాస్టారు.

తను ఇవతల కూర్చున్నాడు. వీధి మలుపు రాకముందే కుడికాలు దానంతటది పెడలు వైపు కదిలింది. మాస్టారు దాన్ని చేతులతో పట్టి ఎత్తి, సీటు మీదికి లాక్కుని, రెండో కాలు కూడా దాని మీద వేసి, బాసింపట్టు వేసుకున్నాడు.

"ఏంటి మాస్టారూ, అలా కూర్చున్నారు?" అన్నాడు ఫొటోగ్రాఫరు బిక్కమొహం వేసి.

"నన్ను చూడకు. రోడ్డు చూడు," అన్నాడు మాస్టారు, మోకాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుని.